కందిగింజంత నిద్ర

కొత్తగా డాక్టర్లయిన మీరు రోగిని "ఏం మందులు వాడుతున్నావు?" అని అడుగుతారు. అతను చెప్పింది రాసుకుంటారు. పని అయిపోయిందనుకుంటారు. నేనూ అలాగే చదువుకుని వచ్చినవాణ్ణే. ముసలివాళ్ల దగ్గర, అందులోనూ నిద్ర మందుల విషయంలో, ఆ ప్రశ్నకు నిజం జవాబుగా రాదని నాకు ఇబ్రహీంపట్నం నేర్పింది. ఆ తర్వాత నాకు వచ్చిన పదవుల గురించి, తిరిగిన ఊళ్ల గురించి ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరి జ్వరమూ తగ్గలేదు.

నేను మొదట చేరింది ఆ ఊరి దవాఖానాలోనే. నైజాం పాలన ఆఖరి రోజులు. ఊళ్లలో ఒక పక్క దొరల మీద తిరగబడ్డ సంఘం, ఒక పక్క రజాకార్ల భయం. తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది, దాని వెనకే ఊరూరా పోలీసు క్యాంపులు వచ్చాయి. చరిత్ర చెప్పడం నా పని కాదు, చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. నాకు తెలిసిందల్లా ఆ కాలమంతా ముసలివాళ్లు నిద్రపోలేదని. పడుచువాళ్లు గుట్టలకో పొలాలకో తప్పుకునేవాళ్లు. ముసలివాళ్లు కదల్లేక ఇంట్లో మిగిలేవాళ్లు. కుక్క మొరిగితే చాలు, లేచి కూర్చునేవాళ్లు. పొద్దున్నే మంచాల, శేరిగూడ ఊళ్ల నుంచి నడిచొచ్చి మా వరండాలో కూలబడి, "కన్ను మూతపడ్తలేదు సాబ్, జర నిదుర మందియ్యి" అనేవాళ్లు.

మేం ఇచ్చేది బ్రోమైడు కలిపిన నీళ్ల మందు. సీసా రోగే తెచ్చుకోవాలి. మా కాంపౌండరు ఖాజా మియా ఒక కాగితపు పట్టీకి గాట్లు పెట్టి ఆ సీసాకు అతికించేవాడు. ఒక గాటు నుంచి ఇంకో గాటు వరకు ఒక పూట మోతాదు. మందు ఎంత వాడారో తెలియాలంటే సీసా ఎత్తి చూస్తే చాలని మా అందరి నమ్మకం.

సీసాను నమ్మకండి

అప్పటి మా జిల్లా పెద్ద డాక్టరు చెడ్డవాడు కాదు. కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. జీపు దిగుతూనే సీసాలు చూపించమనేవాడు. "సీసా ఖాళీ అయితే రోగి తాగినట్టే. ఇంకా ఆలోచించడానికి ఏముంది?" అనేవాడు.

మంచాల నుంచి రామక్క అని ఒక ముసలామె వచ్చేది. వారానికి ఇచ్చిన మందు రెండు మూడు రోజులకే అయిపోయిందని మళ్లీ సీసా పట్టుకొచ్చేది. పెద్ద డాక్టరు చూసి, ఈమెకు అలవాటు పడింది, మందు ఆపేయమన్నాడు. నాకు మనసొప్పలేదు. అంత బ్రోమైడు తాగే మనిషికి నాలుక మడతపడాలి, నడక తూలాలి. రామక్క మా వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చురకలు వేస్తోంది. ఆమె నాలుకకు ఏ మడతా లేదు.

బండి కట్టించుకుని మంచాల వెళ్లాను. రామక్క దాచలేదు. వాడలో ఉన్న ముసలివాళ్లందరికీ ఆ సీసాలోంచే తలా గుక్క పోస్తోంది.

"నేనొక్కదాన్ని పండుకుంటే ఏం ఫాయిదా సాబ్? పక్కింటి ఎల్లవ్వ మేలుకోని ఏడుస్తుంటే నాకు నిదుర వస్తదా?" అంది.

"ఎల్లవ్వకు గుండె జబ్బుంది, తెలుసా?"

"గది మీకు తెల్వాలె గని నాకెట్ల తెలుస్తది?"

మా లెక్కలో రామక్క మందు తెగతాగే మనిషి. నిజానికి ఆమె తాగింది అందరికంటే తక్కువ. మా లెక్కలో ఎల్లవ్వ పేరే లేదు. ఆమె మాత్రం మధ్యాహ్నం మూడింటికి కూడా మత్తుగా గోడకు ఆనుకుని ఉంది. ఒకే సీసా మీద చేసిన ఒకే లెక్కలో రెండు తప్పులు. ముసలి ఒంట్లో బ్రోమైడు తొందరగా కరగదు. నిన్నటిది ఉండగానే ఇవాళ్టిది పడుతుంది. పైకి రోగం పెరిగినట్టు కనిపిస్తుంది. మనం ఇంకాస్త మందు రాస్తాం. అలా రాసి చంపిన డాక్టర్లను నేను చూశాను, పేర్లు చెప్పను.

పోలీసు యాక్షన్ తర్వాత ఖాజా మియా తల్లికీ నిద్ర కరువైంది. అంతకుముందు భయపడిన ఇళ్లు వేరు, ఆ తర్వాత భయపడిన ఇళ్లు వేరు. భయం మాత్రం ఒకటే. ఊళ్లో ఎవరైనా గట్టిగా పిలిస్తే ఆ తల్లి బియ్యం గుమ్మి వెనక్కి వెళ్లి కూర్చునేదట. రోజంతా ఊరివాళ్ల సీసాలకు గాట్లు పెట్టే ఖాజా మియా, తల్లికి ఎంత పోస్తున్నాడని అడిగితే తల దించుకున్నాడు. "అమ్మీకి గాట్లు పెట్టలే సాబ్. ఏడుపు బందయ్యేదాక పోస్తున్న" అన్నాడు. ఇంట్లోవాళ్లు రోగికి నిద్ర వచ్చేవరకు పోయరు, తమకు ప్రశాంతం దొరికేవరకు పోస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

గింజల మూట

ఇక నల్లమందు. మా వైపు అఫీం అంటారు. సర్కారు లైసెన్సు దుకాణంలో బాహాటంగా దొరికేది. మోకాళ్ల నొప్పులకు, దగ్గుకు, విరేచనాలకు, ఊరికే పొద్దుపోవడానికి కూడా ముసలివాళ్లు చిన్న ఉండ చేసి మింగేవాళ్లు. దాన్ని ఒక్కరూ మాకు చెప్పేవాళ్లు కాదు. దాచాలని కాదు. "ఏమన్న మందు తింటున్నవా?" అంటే "ఏం లేదు సాబ్" అనేవాళ్లు. ఇంట్లోవాళ్లను నిలదీస్తే, "అఫీం మందేంది సాబ్, ఎప్పటిసంది తినేదేనాయె" అని నన్నే వింతగా చూసేవాళ్లు. పొగాకు నమలడం మందెలా కాదో, అదీ వాళ్లకు మందు కాదు. దాని మీద మేం బ్రోమైడు పోసేవాళ్లం.

ఎంత తింటావని అడిగితే వాళ్లు చెప్పే కొలతలు గింజల్లో ఉండేవి. సజ్జగింజంత. జొన్నగింజంత. కందిగింజంత. మొదట విసుగొచ్చింది. తర్వాత బుద్ధొచ్చింది. సజ్జ, జొన్న, కంది, శనగ గింజలు తెచ్చి గుడ్డలో మూట కట్టుకున్నాను. దుకాణం నుంచి కొంచెం అఫీం తెప్పించి ఒక్కో గింజంత ఉండలు చేసి మా మందుల తక్కెడలో తూచి చూశాం. ఆ తర్వాత ముసలివాళ్లు ఎవరొచ్చినా బల్ల మీద మూట విప్పి, "ఏ గింజంత?" అని అడిగేవాణ్ణి. మాట అడ్డం రాని ప్రశ్న అది. వేలు పెట్టి చూపించేవాళ్లు.

అందులోనూ ఒక మెలిక ఉంది. తినేవాడు పోయినేడు తిన్న గింజను చూపిస్తాడు. ఉండ చుట్టేవాళ్లకే ఇవాళ్టి గింజ తెలుసు. కళ్లు కనపడని మామకు ఉండ చుట్టేది కోడలు. అందుకని తినేవాణ్ణి ఒకసారి, చుట్టే చేతిని ఒకసారి, విడివిడిగా అడగాలి. రెండు గింజలూ ఒకటైతే ఫికర్ లేదు. వేరైతే ఆ ఇంట్లో ఏదో ఉంది.

పెద్ద డాక్టరు నా మూట చూసి, "ఇది దవాఖానానా, గింజల దుకాణమా?" అన్నాడు. నవ్వాడు కూడా. నవ్వనీ అనుకున్నాను.

బాలయ్య గొంతు

శేరిగూడ బాలయ్య చేపలు పట్టే మనిషి. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వలలు వేసేవాళ్లకు కట్ట మీద నుంచి కేక వేసి దారి చెప్పేవాడట. కేక వేస్తే అవతలి ఒడ్డుకు వినపడేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ముసలితనంలో చెవులు పోయాయి, గొంతు మాత్రం పోలేదు. చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, గుసగుసగా అనుకుని అనే మాట కూడా మూడిళ్లకు వినపడేది. నీళ్లలో నానిన మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి జొన్నగింజంత అఫీం అతని అలవాటు. నిద్ర లేదని వస్తే నేనే బ్రోమైడు ఇచ్చాను, తక్కువ మోతాదులో.

ఒక పొద్దున అతని కోడలు యాదమ్మ బండి మీద అతన్ని తెచ్చింది. ఊపిరి ఎప్పుడో ఒకసారి ఆడుతోంది. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. గిచ్చినా ఉలకడం లేదు. ఖాజా మియా సీసా ఎత్తి చూశాడు.

"గాటు కాడికి బరాబర్ ఉంది సాబ్. మందు ఎక్కువ పోలే" అన్నాడు.

సీసా బరాబర్. మనిషి చావుకు దగ్గర. నేను మూట విప్పి యాదమ్మ ముందు పెట్టాను. ఆమె జొన్నగింజ మీద వేలు పెట్టింది. వెంటనే తీసేసింది.

"జొన్నగింజతోటి ఈ మనిషి ఇట్లా పడిపోడు యాదమ్మా" అన్నాను.

అడగడం తర్వాత, ముందు పని చూడాలి. కడుపు కడిగాం. కడిగిన గొట్టంలోంచే చిక్కటి చాయ్ డికాషన్ పోశాం. ముఖం మీద నీళ్లు కొడుతూ, చెంపలు తడుతూ నేనూ ఖాజా మియా వంతులవారీగా కూర్చున్నాం. తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దు వాలేవేళకు బాలయ్య కళ్లు తెరిచాడు. తెరుస్తూనే చెరువు కట్ట మీద ఉన్నట్టు కేకేశాడు.

"సత్తిగాడొచ్చి పోయిండా? బువ్వ తిన్నడా?"

వరండాలో క్యాంపు పోలీసు ఒకడు కాలికి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. యాదమ్మ చటుక్కున అతని వైపు చూసింది. నాకు అప్పుడు అర్థమైంది. బాలయ్య కొడుకు సత్తయ్య, యాదమ్మ మొగుడు, సంఘంలో ఉన్నాడు. అతని కోసం క్యాంపు వాళ్లు వెతుకుతున్నారని ఊరందరికీ తెలుసు. నేను గబుక్కున బాలయ్య నోటి దగ్గర డికాషన్ గ్లాసు పెట్టాను. పోలీసుకు తెలుగు రాదో, నొప్పి మీద ధ్యాసో, తల తిప్పలేదు. కాసేపటికి కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

యాదమ్మను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేశాను.

"ఇప్పుడు చెప్పు. ఏ గింజ?"

"మామూలు దినాలల్ల కందిగింజ. ఆయన వస్తుండని కబురొచ్చిన దినం శనగగింజ." మెల్లగానే చెప్పింది, ఏడవలేదు. "మా మామ నోట్ల నువ్వుగింజ నానదు సాబ్. కొడుకును జూస్తే ఆగడు. సత్తిగా, వచ్చినవా బిడ్డా అని మొత్తుకుంటడు. క్యాంపు మా ఇంటికి ఎంత దూరమో మీకెరుకే."

"ఇట్లా పెంచుకుంటూ పోతే చచ్చిపోతాడు."

"ఎరుకనే సాబ్. మీరు దవాఖానల ఒక్క పానమే జూస్తరు. నేను ఇంట్ల రెండు పానాలు జూడాలె."

"సత్తయ్యను ఇంటికి రావద్దని చెప్పలేదా?"

"చెప్పిన. ఇంటడా?"

బ్రోమైడు పూర్తిగా ఆపేశాను. అఫీం ఒక్కసారిగా మానిపిస్తే ఒళ్లు పీకి ఇంకా కేకలు పెడతాడు. కొద్దికొద్దిగా తగ్గించాలి, ఏ రోజైనా కందిగింజ దాటకూడదని చెప్పాను. పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాను. రెండు రోజులు మా వార్డులోనే ఉంచుకున్నాను.

ఆ రెండో రోజుకు బాలయ్య తేరుకున్నాడు. అన్నీ తెలుస్తున్నాయి. మంచం మీద కూర్చుని, తనకేమైందని నన్ను చేతులతో అడిగాడు. నాకు చిక్కొచ్చిపడింది. చెవిటివాడికి రహస్యం ఎలా చెప్తారు? అతనికి వినపడేలా చెప్తే క్యాంపుకూ వినపడుతుంది. మూట విప్పి అతని దుప్పటి మీద గింజలు పరిచాను. జొన్నగింజ చూపించి అతని వైపు వేలు చూపాను. తల ఊపాడు, అది తనదే. శనగగింజ చూపించి యాదమ్మ వైపు వేలు చూపాను. అతని కనుబొమ్మలు ముడిపడ్డాయి.

యాదమ్మ ముందుకొచ్చింది. మొగుడి పొడుగెంతో చేత్తో చూపింది. మామ నోటి మీద తన అరచెయ్యి పెట్టింది. తర్వాత వీధిలోకి, క్యాంపు ఉన్న వైపు చూపింది. అంతే.

ఆ ముసలాయనకు కోపం వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. శనగగింజ తీసి యాదమ్మ అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లు మూశాడు. నేను అడ్డంగా తల ఊపి కందిగింజ చూపించాను. అతను నా చెయ్యి పక్కకు నెట్టాడు. ఆ పూట ఒక్క కేక కూడా వేయలేదు. నేను మందుల గదిలోకి వెళ్లిపోయాను.

ఆ నెలలో పెద్ద డాక్టరు వచ్చి, ముసలివాళ్లలో నిద్ర మందుల వాడకం ఎలా ఉందని అడిగాడు. గింజల లెక్క చెప్పాను. ఈసారి నవ్వలేదు, శ్రద్ధగానే విన్నాడు. "ఇంత ఎందుకు తింటున్నారు?" అన్నాడు. కారణాలు కనుక్కోలేదని చెప్పాను. ఎంత అనే ప్రశ్నకు మీరు ఎప్పుడూ నిజమే చెప్పండి. ఎందుకు అనేదానికి మాత్రం ఎవరు అడుగుతున్నారో చూసి చెప్పండి.

చలికాలం మధ్యలో యాదమ్మ ఒంటరిగా వచ్చింది. చేతిలో పాత మందు సీసా ఉంది, మిగిలిన మందు తిరిగి ఇవ్వడానికి తెచ్చింది.

"మామ లేవలే సాబ్" అంది.

వారం నుంచి దగ్గుందట. మత్తులో ఉన్న ముసలి మనిషి దగ్గలేడు. దగ్గలేకపోతే కఫం రొమ్ములోనే ఉండిపోతుంది. ముందు రోజు సత్తయ్య వస్తున్నాడని కబురొచ్చిందట.

"నేను కందిగింజంతే చుట్టిన. వద్దని చెయ్యి పట్టుకున్నడు. డబ్బల చెయ్యి పెట్టి ఇంకింత తీసుకోని తనే చుట్టుకున్నడు. నా దిక్కు జూసి నవ్విండు సాబ్."

సీసాకు ఖాజా మియా అతికించిన కాగితపు పట్టీ ఇంకా ఉంది. గాట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సత్తయ్య అడిగింది

పోరాటం ఆగిపోయి, జైళ్ల నుంచి జనం ఇళ్లకు తిరిగొస్తున్న కాలం. నేను ఇంకా ఇబ్రహీంపట్నంలోనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం రోగులంతా వెళ్లిపోయాక పొడుగాటి మనిషి ఒకడు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"శేరిగూడ బాలయ్య కొడుకును సాబ్" అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మా బాపు ఎట్ల పోయిండని యాదమ్మను అడిగిన. దవాఖానల అడుగుపో, ఆ సాబ్‌కు బరాబర్ లెక్క ఎరుకే అన్నది. ఆఖర్ల ఎంత తినేటోడు?"

దగ్గుతో పోయాడని చెప్పి పంపించవచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. కానీ అతను అడిగింది ఎంత అని. నేను మూట విప్పాను. జొన్నగింజ పెట్టి, ఇది మీ బాపు అలవాటు అన్నాను. పక్కన కందిగింజ పెట్టి, ఇది క్యాంపు వచ్చినంక అన్నాను. ఆ పక్కన శనగగింజ పెట్టాను.

"గిదెప్పటిది?" అన్నాడు.

"నువ్వొస్తావని కబురొచ్చిన రోజులది. నిన్ను చూసి కేక వేస్తాడేమోనని. తర్వాత తర్వాత ఆయనే అడిగి తిన్నాడు."

అతను ఆ గింజను ముట్టుకోలేదు.

"నేను బువ్వకని రాలేదు సాబ్" అన్నాడు. "బువ్వ గుట్టలల్ల గూడ దొరికేది. బాపు ముసలోడాయె, మళ్ల జూస్తనో లేదో, ఒక్కసారి మాట్లాడి పోదామని వచ్చేటోన్ని. ఎప్పుడొచ్చినా నిదురల్నే ఉండె."